పాత జీపులో పెట్రోలు టాంకు మార్పు



మన పల్లెల్లో పాత పెట్రోలు జీపులు ఇంకా అక్కడక్కడ తిరుగుతూనే వున్నాయి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకం ఆరంభమైన తర్వాత కొన్ని దశాబ్దాలపాటు బ్లాకు ఆఫీసు అనగానే జనానికి జీపే జ్ఞాపకం వచ్చేది. 1940ల చివర బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను జోడించడం మొదలుపెట్టారు. ఆ జాతి బండ్లు వేలంపాటల్లోనూ, చేతులు మారీ రైతుల ఇండ్లకు చేరాయి. ఎరువు బస్తాలు తేవడానికీ, కూలీలను చేలకు చేర్చడానికీ, పెండ్లికి నలుగురిని ఎక్కించుకొని పోవడానికీ పనికి వస్తున్నాయి. ఇంజను బాగుచేయించుకొంటున్నాం, టైర్లు మారుస్తున్నాం, రంగు వేయిస్తున్నాం. కాని డ్రైవరు కూర్చునే సీటు ఎత్తి, దాని కింద ఏముందో చూసేవారు తక్కువ. ఆ సీటు కిందనే వుంటుంది పెట్రోలు టాంకు. సుమారు 40 లీటర్ల పెట్రోలు మీద కూర్చొని మనం బండి నడుపుతున్నామన్నమాట.

ఆ టాంకు రేకు యేండ్ల తరబడి తుప్పు పట్టి, అడుగున చెమ్మగిల్లుతుంటే ఏం చేయాలి? ఈ మధ్య కొందరు యువకులు, "పందెం కార్లలో వేసే ఫ్యూయల్ సెల్ అనే టాంకు వేయిస్తే ఇక భయం లేదట గదా!" అని అడుగుతున్నారు. అది మంచి వస్తువే. అయితే దాన్ని కొని బిగించినంత మాత్రాన బండి సురక్షితం కాదు. పెట్రోలు పోసే మూత మొదలు ఇంజను దాకా పెట్రోలు నడిచే దారి అంతా బాగుంటేనే మనిషికి రక్ష. ఈ సంగతి వివరంగా చెప్పుకుందాం.

ముందు పెట్రోలు స్వభావం తెలుసుకోవాలి. మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. సున్నాకు దిగువ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు మండగలిగినంత ఆవిరిని వదులుతుంది. మరి మన ఎండాకాలంలో ఎంత వదులుతుందో మీరే ఊహించండి. ఈ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అందుచేత పైకి పోదు, నేలబారున పాకుతుంది. గుంటల్లో, సీటు కింద, షెడ్డు మూలల్లో నిలుస్తుంది. పది అడుగుల దూరాన బీడీ వెలిగించినా దాన్ని అందుకోవచ్చు. గాలిలో నూటికి సుమారు ఒకటిన్నర పాలు పెట్రోలు ఆవిరి వుంటే చాలు, అంటుకుంటుంది. దీన్నిబట్టి లెక్క వేసి చూడండి. 40 లీటర్ల ఖాళీ టాంకును బాంబుగా మార్చడానికి చిన్న చెంచాడు పెట్రోలు కూడా అక్కరలేదు. టాంకు ఖాళీ చేశాం, ఇక పరవాలేదు అనుకోవడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. నిండు టాంకుకంటె ఖాళీ టాంకే ఎక్కువ ప్రమాదం.

కనుక పెట్రోలు వున్న టాంకుకు గాని, ఒకప్పుడు పెట్రోలు వుండిన టాంకుకు గాని వెల్డింగు పెట్టించకండి. నీళ్ళతో కడిగాం, వారం రోజులు ఎండలో పెట్టాం అని మేస్త్రీ చెప్పినా ఒప్పుకోవద్దు. రేకు మడతల్లో, తుప్పు పొరల్లో దాగివున్న పెట్రోలు, మంట వేడికి మళ్ళీ ఆవిరి అవుతుంది. మాటువేయడం కూడా మంటపనే. డీజిలు టాంకు విషయంలోనూ ఇదే మాట. డీజిలు మామూలుగా అంత తొందరగా అంటుకోదు గాని, వెల్డింగు వేడికి అదీ ఆవిరిగా మారి పేలుతుంది. ట్రాక్టరు టాంకు కారుతుంటే కొత్తది వేయించుకోవడమే మేలు.

ఇక ఫ్యూయల్ సెల్ సంగతి. హైడ్రోజను నుంచి విద్యుత్తు పుట్టించే యంత్రాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. మనం చెప్పుకొనేది అది కాదు. ఇది ప్రమాదంలో పగలకుండా వుండేటట్లు చేసిన పెట్రోలు టాంకు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాలకు రబ్బరు సంచి టాంకులు వాడారు. ఆ విద్య తర్వాత పందెం కార్లకు వచ్చింది. రావడానికి కారణం విషాదకరమైనది. 1964 మే 24న అమెరికాలోని షార్లట్ పందెంలో ఫైర్‌బాల్ రాబర్ట్స్ అనే ప్రసిద్ధ డ్రైవరు కారు బోల్తాపడి అంటుకొన్నది. ఆ కాలిన గాయాలతో ఆయన జూలై 2న మరణించాడు. ఆ ప్రమాదం జరిగిన వారం లోపలే, మే 30న, ఇండియానాపొలిస్ పందెం రెండవ చుట్టులో మంటలు లేచి ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత టైర్ల కంపెనీలు, పందేల నిర్వాహకులు కలిసి ఈ రబ్బరు సంచి టాంకులను కార్లలోకి తెచ్చారు.

దీని నిర్మాణం మూడు పొరలుగా వుంటుంది. బయట రేకు పెట్టె. దాని లోపల, గట్టి గుడ్డకు రబ్బరు పట్టించి చేసిన సంచి. సంచి లోపల, తేనెపట్టువలె గుల్లగుల్లగా వుండే స్పంజి. బండి గుద్దుకొన్నప్పుడు రేకు వంగుతుంది, సంచి సాగుతుంది గాని చిరగదు. స్పంజి పెట్రోలును అటూ ఇటూ ఎగసిపడకుండా పట్టివుంచుతుంది. లోపల ఆవిరి అంటుకొన్నా మంట ఒక్కసారిగా వ్యాపించకుండా అడ్డుపడుతుంది. ఇవిగాక గాలి పోయే గొట్టానికి ఒక కవాటం వుంటుంది. బండి తలకిందులైతే అందులోని గుండు జారి రంధ్రాన్ని మూసేస్తుంది.

ఇక్కడ కొనుగోలుదారులు జాగ్రత్తపడాలి. బజారులో ఫ్యూయల్ సెల్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని ఉత్త అల్యూమినియం పెట్టెలు. లోపల కాస్త స్పంజి వుంటుంది గాని సంచి వుండదు. చూపుకు మెరుస్తాయి. గుద్దుకొంటే అతుకు దగ్గర చీలుతాయి. కొనేముందు, "లోపల సంచి వుందా? బోల్తా కవాటం వుందా? తయారైన తేదీ ఎక్కడ వేశారు?" అని మూడు ప్రశ్నలు అడగండి. అంతర్జాతీయ మోటారు పందేల సంస్థ ఎఫ్.ఐ.ఏ. వారి ఎఫ్.టి.3 ప్రమాణం ప్రకారం చేసిన సంచికి అయిదేండ్లే ఆయువు. తయారు చేసినవారే తిరిగి పరీక్షించి ఒప్పుకొంటే మరి రెండేండ్లు. మన ఊరి బండికి పందేల నిబంధన వర్తించదు గాని, రబ్బరు మాత్రం ఎక్కడున్నా రబ్బరే. పదేండ్ల కిందటి పాత సంచిని చవకగా వస్తోందని కొనడం తుప్పు టాంకును కొనడంతో సమానం.

సరే, మంచి సరుకే దొరికింది. దాన్ని ఎక్కడ బిగించాలి? అసలు చిక్కు ఇక్కడే వుంది. మామూలు కారులో అయితే వెనుక డిక్కీలో పెడతారు. అప్పుడు డిక్కీకీ, మనుషులు కూర్చునే చోటుకూ నడుమ సందులేని రేకు గోడ వుండి తీరాలి. చాలా పాత కార్లలో వెనుక సీటు ఆనుడు వెనక అట్టముక్క తప్ప మరేమీ వుండదు. అట్టముక్క మంటను ఆపుతుందా? ఇక జీపుకు డిక్కీయే లేదు. వెనుక భాగంలో అటూ ఇటూ బల్లసీట్లు వుంటాయి. వాటి మధ్య టాంకు పెడితే, ఎదురుబొదురుగా కూర్చున్నవారి కాళ్ళ మధ్య పెట్రోలు పెట్టినట్లు అవుతుంది. పెండ్లికి పోయే పిల్లలూ, కలుపుకు పోయే ఆడకూలీలూ కూర్చునేది అక్కడే గదా! డ్రైవరు కింద వున్న ప్రమాదాన్ని తెచ్చి వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టడం రక్ష ఎట్లా అవుతుంది?

అంచేత మీరు ముందు తేల్చుకోవలసింది ఒకటే. ఈ బండి మనుషులను మోసేదా, కాదా? వెనుక మనుషులను ఎక్కించుకొనే జీపు అయితే, అదే నమూనా కొత్త టాంకును తెచ్చి పాత స్థానంలోనే బిగించుకోండి. ఖర్చు తక్కువ, కొలతలు సరిపోతాయి, కాగితాల చిక్కు వుండదు. ఇద్దరే ఎక్కి, వెనుక భాగం సామానుకు మాత్రమే వాడే జీపు అయితే ఫ్యూయల్ సెల్ ఆలోచించవచ్చు.

కాగితాల మాట వచ్చింది గనుక చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు రిజిస్ట్రేషను పత్రం భిన్నమయ్యేటట్లు బండిని మార్చకూడదు. సీట్లు తీసివేసినా ఈ ప్రశ్న వస్తుంది. కాబట్టి పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయానికి పోయి అడగండి, జవాబు రాతమూలకంగా తీసుకోండి. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా తెలియజేయండి. ప్రమాదం జరిగిన తర్వాత, "మాకు చెప్పకుండా మార్చారు" అని వాళ్ళు అంటే నష్టపోయేది మీరే.

ఇప్పుడు పని క్రమం వినండి. బండిని చెట్టు నీడన, బయలు ప్రదేశంలో నిలపండి. షెడ్డులో వద్దు. మొదట బాటరీ నెగెటివు తీగ ఊడదీయండి. దగ్గరలో పొయ్యిగాని, నడిచే మోటారుగాని వుండకూడదు. పొడి రకం అగ్నిమాపక సీసాను, ఇసుక బకెట్లను చేతికందేటట్లు పెట్టుకోండి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే, పెట్రోలు నీళ్ళమీద తేలి మంట ఇంకా వ్యాపిస్తుంది. పాత పెట్రోలును చేతిపంపుతో మూత వున్న డబ్బాలోకి తోడండి. గొట్టం నోట పెట్టి పీల్చే అలవాటు మన ఊళ్ళలో వుంది. అది మానాలి. గుటకపడిన పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున మింగినవారికి వాంతి చేయించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. పాత టాంకును విప్పి, నీళ్ళు నింపి, అది పెట్రోలు టాంకని స్పష్టంగా చెప్పి పాత ఇనుము కొనేవానికి అప్పగించండి. చెప్పకుండా అమ్మితే అతడు గ్యాసుతో కోసేటప్పుడు జరిగే పాపం మనదే.

కొత్త టాంకు కోసం వెల్డింగు చేయవలసింది, రంధ్రాలు వేయవలసింది వుంటే, పాతది తీసి దూరం పంపి, గాలి బాగా ఆడనిచ్చిన తర్వాతనే చేయాలి. పెట్రోలు గొట్టాలు కూడా విప్పి తీసివేయాలి. కొత్త టాంకులో చుక్క పెట్రోలు పడకముందే మంటపని ముగియాలి.

ఫ్యూయల్ సెల్‌ను ఉత్త నేలరేకుకు మరసీలలతో బిగిస్తే చాలదు. 40 లీటర్ల పెట్రోలు, పెట్టె కలిసి 35 నుంచి 40 కిలోల దాకా వుంటాయి. బండి దేనినైనా గుద్దుకొన్నప్పుడు ఆ బరువు అనేక రెట్లు పెరిగినట్లుగా ముందుకు లాగుతుంది. యాంగిల్ ఇనుముతో చట్రం చేయించి, చాసిస్‌కు బోల్టులతో బిగించాలి. పెట్టె మీదుగా కనీసం రెండు ఇనుప పట్టీలు, ఒక్కొక్కటి అంగుళం వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం వున్నవి, వేయాలి. పట్టీకీ పెట్టెకూ మధ్య రబ్బరు పెట్టకపోతే కుదుపులకు రేకు అరిగిపోతుంది. ఊడిరాని రకం నట్లు వాడండి. టాంకును వెనుక తలుపుకు ఆనించి పెట్టవద్దు, వీలైనంత ముందుకు జరపండి. వెనుకనుంచి లారీ గుద్దితే నలిగేందుకు నడుమ కొంత జాగా మిగలాలి. పొగగొట్టానికి దూరంగా వుండాలి. తప్పనిసరిగా దగ్గర పడితే మధ్య వేడి ఆపే రేకు పెట్టాలి. డ్రైవరు సీటుకూ టాంకుకూ నడుమ అడ్డుగోడ రేకు మరువరాదు.

గాలి గొట్టం విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా ముఖ్యం. పాత టాంకుకు మూతలోనే గాలి రంధ్రం వుండేది. ఫ్యూయల్ సెల్ మూతకు అది వుండదు, వేరే గొట్టం వేయాలి. వేయకపోతే ఇంజను పెట్రోలు లాగేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి బండి దారిలో ఆగిపోతుంది. ఎండలో నిలిపితే లోపలి ఒత్తిడి పెరిగి పెట్రోలు కార్బురేటరులోకి తోసుకువచ్చి పొంగుతుంది. ఆ పొంగిన పెట్రోలు వేడి ఇంజను మీద పడుతుంది. కాబట్టి గాలి గొట్టాన్ని బోల్తా కవాటం గుండా టాంకు కంటె ఎత్తుకు తీసుకుపోయి, అక్కడ వంచి, బండి బయట కిందికి, పొగగొట్టానికి ఎదురుగా కాకుండా వదలాలి. టాంకును ఎప్పుడూ అంచు దాకా నింపవద్దు. తెల్లవారుజామున చల్లగా నింపిన 40 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు ముప్పాతిక లీటరు పెరుగుతుంది. దానికి చోటు వుండాలి గదా!

ఇక గొట్టాలు. ఈ రోజుల్లో ఇది అన్నిటికంటె అవసరమైన మాట. మన బంకుల్లో ఇప్పుడు వచ్చే పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్ళ దాకా కలుస్తోంది. ఈ 20 పాళ్ళ మిశ్రమం అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలయింది. చెరకు, మొక్కజొన్న, నూకలు పండించే రైతుకు దీనివల్ల గిరాకీ పెరిగిన మాట నిజమే. అయితే పాత జీపులో వేసిన రబ్బరు గొట్టాలు ఈ మిశ్రమం కోసం చేసినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, తర్వాత పగుళ్ళు తీస్తాయి. ఫ్యూయల్ సెల్‌లో పాత రకం స్పంజి వుంటే అది కూడా పొడిపొడిగా రాలి ఫిల్టరును మూసివేస్తుంది. గొట్టం కొనేటప్పుడు దానిమీది అచ్చు చదవండి. ఎస్.ఏ.ఇ. జె30 ఆర్9 అని వున్నది ఇథనాలుకు తట్టుకొంటుంది. నీళ్ళ గొట్టాలు, స్ప్రేయరు గొట్టాలు కోసి పెట్రోలుకు వాడడం ప్రాణాలతో ఆట. పొడుగునా రబ్బరు గొట్టం లాగకుండా, బండి కింద ఇనుప గొట్టం వేసి, కుదుపు వుండే చోట మాత్రం జానెడు రబ్బరు వాడండి. రేకు రంధ్రం గుండా గొట్టం పోయేచోట రబ్బరు బిళ్ళ పెట్టాలి. లేకుంటే రేకు అంచు రంపంలాగా గొట్టాన్ని కోస్తుంది.

జీపు ఇంజనుకు అమరివున్న పంపు బాగుంటే దాన్నే వుంచండి. ఇంజను ఆగితే అదీ ఆగుతుంది. ఎలెక్ట్రికు పంపు వేయించేటట్లయితే, అది కార్బురేటరు బండ్లకు సరిపోయే తక్కువ ఒత్తిడి రకం కావాలి. చదరపు అంగుళానికి సుమారు మూడు పౌన్లు చాలు. బండి దేనికైనా గుద్దుకొంటే పంపుకు కరెంటు తనంతట తానే తెగిపోయే స్విచ్చి తప్పక వుండాలి. లేకపోతే, డ్రైవరు స్పృహ తప్పి వున్నా పంపు మాత్రం తెగిన గొట్టం గుండా పెట్రోలు పోస్తూనే వుంటుంది.

చివరిది, ఎర్తు తీగ. పెట్రోలు గొట్టంలో పారుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. అది ఒక చోట చేరి చిన్న నిప్పురవ్వగా దూకుతుంది. టాంకు పెట్టె, పోసే మెడ, చాసిస్ మూడింటినీ రాగి తీగతో కలిపితే ఆ విద్యుత్తు పోగుపడదు. ఇదే కారణంగా ప్లాస్టికు డబ్బాల్లో పెట్రోలు పట్టుకోకూడదు. ఇనుప డబ్బాను కూడా బండి మీద వుంచి నింపవద్దు, నేలమీద దింపి నింపండి.

అంతా బిగించాక ఒకేసారి నింపకండి. అయిదు లీటర్లు పోసి, ఒక గంట ఆగి, ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి వాసన చూడండి. ఇంజను నడిపి మళ్ళీ చూడండి. గతుకుల దారిలో కొద్దిదూరం పోయి వచ్చి మూడోసారి చూడండి. ఆ తర్వాత నెలకొకసారి ఫిల్టరు విప్పి, అందులోని పెట్రోలును గాజుసీసాలో పోసి వెలుగులో చూడండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు చేరిందన్నమాట. నల్లని లేక పసుపు నలుసులు కనిపిస్తే స్పంజి రాలుతోందన్నమాట. బండిని కోతల కాలంలో తప్ప వాడనివారు మిగతా నెలల్లో టాంకులో పెట్రోలు నిలవ వుంచకండి. ఇథనాలు గాలిలోని తేమను పీల్చి టాంకులోపల తుప్పు పుట్టిస్తుంది.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. రైతు మీ దగ్గరికి వచ్చి, "ఫలానా టాంకు మంచిదేనా?" అని అడిగితే టాంకు మాట తర్వాత చెప్పండి. ముందు సీటు ఎత్తించి, గొట్టాలు, అతుకులు, అడ్డుగోడ చూడండి. డబ్బు కొద్దిగానే వుంటే ముందుగా గొట్టాలకు, తర్వాత అడ్డురేకుకు, తర్వాత అగ్నిమాపక సీసాకు, ఆ తర్వాత కొత్త టాంకుకు ఖర్చు పెట్టమని చెప్పండి. కాని టాంకే చెమ్మగిల్లుతుంటే, ఆ బండిని టాంకు మార్చేదాకా కదపవద్దని చెప్పండి. ఊళ్ళోని వెల్డింగు మేస్త్రీలను ఒక రోజు పిలిచి, ఖాళీ టాంకు సంగతి, చెంచాడు పెట్రోలు లెక్క వివరించండి. ఆ ఒక్క పూట పనితో ఒక ప్రాణం దక్కవచ్చు.

రైతు సోదరులారా! పురుగుమందు డబ్బాను వంటింట్లో పెట్టం. ఎందుకంటే దాని గుణం మనకు తెలుసు. పెట్రోలు గుణమూ అంతే తెలుసుకొని మసలుకుంటే, ఆ పాత జీపు ఇంకా చాలాకాలం మీ ఇంటికి చాకిరీ చేస్తుంది, ఎక్కినవారిని క్షేమంగా దింపుతుంది. సెలవు.